అమ్మమ్మ బ్యాగ్‌లో ఏముంది?

వంకాయలు కొనేటప్పుడు కూడా మనం పదిసార్లు తిప్పి చూస్తాం. తొడిమ పచ్చగా ఉందా, ఎక్కడన్నా పుచ్చు కన్నం ఉందా, చేతిలో పట్టుకుంటే తేలిగ్గా ఉందా అని. మరి రివాల్వర్ కొనాల్సి వస్తే ఏం చూడాలి? నవ్వుకోకండి. కిందటేడాది నాకు నిజంగానే ఆ అవసరం వచ్చింది. చీమని చంపాలన్నా చెయ్యి రాని నేను, ఈ వయసులో తుపాకుల కొట్లు ఎక్కి దిగాను. ఆ కథ చెప్తాను, వినండి.

మాది టెక్సస్‌లో డల్లాస్ దగ్గర ఒక చిన్న ఊరు. పెట్రోలు బంకూ, దాన్నానుకుని పాలు, రొట్టెలు, చిల్లర సామాన్లు అమ్మే దుకాణమూ మాకు జీవనాధారం. మావారికి మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ రాత్రి పదకొండింటికి కొట్టు కట్టేసే పని నా మీద పడింది. ఒక రాత్రి ముఖానికి గుడ్డ కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, తుపాకి చూపించి, గల్లాపెట్టె ఖాళీ చెయ్యమన్నాడు. చేశాను. 340 డాలర్లు. వాడు వెళ్ళిపోయాక చాలాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి చెబితే మావారు, "ఏమోయ్, కొట్టన్నా మానేద్దాం, లేదా నీకో తుపాకన్నా కొందాం" అన్నారు. కొట్టు మానేస్తే తినేదేమిటి? అలా మొదలైంది.

ముందు చట్టం సంగతి. ఎందుకంటే మనవాళ్ళు చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచీ, 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం తుపాకి ఉంచుకునే అర్హత ఉన్నవాళ్ళు లైసెన్సు లేకుండానే దాన్ని వెంట పెట్టుకోవచ్చు. "ఓహో, ఇంకేం" అనుకోకండి. ఆ 'అర్హత' అన్న మాటలోనే ఉంది మెలిక. హెచ్1, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఇక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళలాంటి కొద్దిమందికే మినహాయింపు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ, పౌరసత్వం వచ్చినవాళ్ళూ కొనుక్కోవచ్చు. ఆ అర్హత లేనివాళ్ళకోసం ఇంకొకరు తమ పేరుమీద కొని అందించడం మరో నేరం. చుట్టరికం మొహమాటానికి అలాంటి పని ఎప్పుడూ చెయ్యకండి. కొనేచోట ఒక పెద్ద ఫారం నింపాలి, వాళ్ళు మన పాత చరిత్ర అంతా అక్కడికక్కడే విచారిస్తారు. బడికీ, కోర్టుకీ, ఓటు వేసేచోటికీ తీసుకెళ్ళకూడదు. 'ఇక్కడికి తేవద్దు' అని చట్టం చెప్పిన బోర్డు పెట్టినచోట లోపలికి పట్టుకెళ్ళకూడదు. లైసెన్సు అవసరం లేకపోయినా నేను లైసెన్సు తరగతికి వెళ్ళాను. కారు నడపడం రాకుండా కారు కొనుక్కుంటామా?

ఇక కొట్టుకి వెళ్ళాం. అక్కడి అబ్బాయి నన్నొకసారి, మావారి చేతికర్ర నొకసారి చూసి, గులాబీరంగు పిడి ఉన్న బుల్లి రివాల్వర్ ఒకటి తీసి అద్దం మీద పెట్టాడు. "ఆడవాళ్ళంతా ఇదే తీసుకుంటారు, బ్యాగులో ఉన్నట్టే తెలీదు" అన్నాడు. చేతిలోకి తీసుకుంటే నిజంగానే పిట్టంత ఉంది. అల్యూమినియం కలిసిన లోహంతో చేసిందట. బరువు 400 గ్రాములు దాటి నాలుగు గ్రాములో పదో. మా వంటింటి త్రాసులో కందిపప్పు అంతకంటే ఎక్కువే తూస్తాను. ఇంకా తేలికవి 330 గ్రాములవి కూడా ఉన్నాయన్నాడు. నాకు ముచ్చటేసింది. చెప్పొద్దూ, అప్పుడే కొనేసేదాన్ని. మావారే, "పేల్చి చూడకుండా కొనడమేమిటి? చెప్పులైనా తొడిగి చూస్తాం కదా" అని ఆపారు.

ఇక్కడ చాలాచోట్ల గురి నేర్పే గదులుంటాయి. అక్కడ తుపాకులు అద్దెకిస్తారు. మాకు దొరికిన టీచరమ్మ పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన ఆవిడ. డెబ్బై ఏళ్ళుంటాయి, మనిషి చిన్నగా, మాట గట్టిగా ఉంటుంది. ఆవిడ మొదటి గంట తుపాకి ముట్టుకోనివ్వలేదు. నాలుగు సూత్రాలు వల్లె వేయించింది. ప్రతి తుపాకిలోనూ తూటాలున్నాయనే అనుకోవాలి. చంపదలుచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి చూసి పేల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురికి వెనకాల ఏముందో, ఎవరున్నారో చూసుకోవాలి. మన చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాను.

తర్వాత రివాల్వర్ విప్పి చూపించింది. సిలిండర్ అంటే మన గ్యాస్ బండ కాదు సుమండీ. తూటాలు పెట్టే గుండ్రటి చక్రం. పొట్టి రివాల్వర్లలో చాలావాటికి అందులో అయిదే గదులు. ట్రిగ్గర్ లాగుతుంటే చక్రం ఒక గది చొప్పున తిరుగుతుంది, వెనకాల ఉన్న చిన్న సుత్తి వెనక్కి లేచి పడి తూటాని పేలుస్తుంది. ఒకవేళ తూటా పేలకపోతే మళ్ళీ లాగితే చాలు, పక్క గది వస్తుంది. పిస్టల్ అయితే ఇరుక్కున్నదాన్ని చేత్తో లాగి సరిచేయాలి. అందుకే మీలాంటి కొత్తవాళ్ళు రివాల్వర్ సులభమంటారు అందావిడ. వెంటనే వేలు చూపించి, "కానీ సులభం అన్నది అర్థం చేసుకోవడానికే, పేల్చడానికి కాదు" అంది.

ఆ మాట ఎంత నిజమో పావుగంటలో తెలిసింది. ఖాళీ రివాల్వర్ ఇచ్చి ట్రిగ్గర్ లాగమంది. అయిదు కిలోల బియ్యం సంచీని ఒక్క వేలికి తగిలించుకుని ఎత్తి చూడండి. దాదాపు అంత బలం పెట్టాలి. నేను లాగుతుంటే గొట్టం గోడ గడియారం వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి. గొట్టం మీద ఒక బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా పదిసార్లు లాగమంది. మొదటిరోజు ఒక్కసారీ నిలబడలేదు. పిండి రుబ్బిన చేతులు నావి, అయినా లాభం లేకపోయింది.

చెవులకి గట్టి మూతలూ, కళ్ళకి అద్దాలూ పెట్టుకున్నాక, నేను ముచ్చటపడ్డ తేలికదాన్నే ముందు ఇచ్చింది. పాయింట్ 38 స్పెషల్ తూటాలు. ఒక్కటి పేల్చానో లేదో, బొటనవేలూ చూపుడువేలూ కలిసేచోట ఎవరో రోకలితో పొడిచినట్టయింది. రెండోది పేల్చాను. మూడోది పేల్చడానికి మనసొప్పలేదు. "ఇంత బుల్లిది ఇలా తంతుందేమిటండీ?" అన్నాను. ఆవిడ నవ్వింది. తూటా ముందుకు పోయే జోరే రివాల్వర్‌ని వెనక్కి తోస్తుంది. బరువున్న రివాల్వర్ ఆ తోపుని కొంత తానే దిగమింగుకుంటుంది. తేలికది మన చేతికే అంతా అప్పగిస్తుంది. మోయడానికి హాయిగా ఉన్నది పేల్చడానికి హింస, పేల్చడానికి హాయిగా ఉన్నది మోయడానికి బరువు. అత్తగారూ కోడలూ ఒకేసారి సంతోషంగా ఉండడంలాంటిదే, రెండూ కలిసిరావు.

తర్వాత ఉక్కుతో చేసిందిచ్చింది. అదే సైజు, అవే అయిదు తూటాలు, బరువు 625 గ్రాముల దాకా ఉంటుంది. తన్ను సగానికి సగం తగ్గినట్టనిపించింది. దాని గదులు పాయింట్ 357 మాగ్నమ్‌కి చేసినవి, వాటిలో పాయింట్ 38 కూడా పెట్టుకోవచ్చు. పాయింట్ 38 కోసం చేసినవాటిలో మాత్రం 357 పెట్టకూడదు. ఆ పెద్ద తూటా జోలికి నేను పోలేదనుకోండి. పొట్టి రివాల్వర్‌లో దాని చప్పుడూ, మంటా, తన్నూ అన్నీ ఎక్కువే. పాయింట్ 32 రకాలు కూడా చూశాను. వాటిలో అంతే చోటులో ఆరు తూటాలు పడతాయి, తన్నూ తక్కువ. తూటాలు మాత్రం అన్ని కొట్లలోనూ దొరకవు. పాయింట్ 22 ఉంది, దానికి తన్నే లేదు, వేళ్ళకి బలం లేని పెద్దవాళ్ళు కొందరు దాన్నే వాడతారట. కానీ ఆ జాతి తూటాలు అప్పుడప్పుడు పేలకుండా మొరాయిస్తాయి, ట్రిగ్గర్ కూడా సాధారణంగా ఇంకా గట్టిగా ఉంటుంది.

నేను గమనించినవి మీకోసం రాసి పెట్టాను. పిడి చేతికి సరిపోవాలి, చెయ్యి పైకంటా పట్టుకుంటే చూపుడువేలు ట్రిగ్గర్‌కి శ్రమ లేకుండా అందాలి. మరీ చిన్న పిడి అయితే చిటికెనవేలు గాలిలో ఉండిపోతుంది. సుత్తి బయటికి కొమ్ములా ఉంటే బట్టలకి పట్టుకుంటుంది, లోపల దాగి ఉన్న రకం మేలు. గొట్టం రెండంగుళాలకి కాస్త తక్కువ ఉన్నది దాచడానికి బాగుంటుంది కానీ దూరం గురికి పనికిరాదు. నేను అయిదు గజాల దూరంలోనే సాధన చేశాను. ఇప్పటి రివాల్వర్లు కింద పడితే పేలకుండా లోపల అడ్డు ఉంటుంది. కానీ పిస్టల్‌కున్నట్టు నొక్కే మీట చాలావాటికి ఉండదు, ట్రిగ్గర్ గట్టిగా ఉండడమే దానికి కాపలా. కనుక ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి ఒర లేకుండా ఎక్కడా పెట్టకూడదు.

ఇక ఎక్కడ పెట్టుకోవాలన్నది పెద్ద సమస్య. మగవాళ్ళకి బెల్టుంది. మనకో? చీరకుచ్చిళ్ళలో దోపుకుంటే ఇంకేమన్నా ఉందా! చుడీదార్‌కి నాడాయే గాని బెల్టుండదు. అందుకే అందరూ హ్యాండ్‌బ్యాగే అంటారు. నేనూ అదే అనుకున్నాను. లోపల వేరే జిప్పు అర ఉన్న ప్రత్యేకమైన తోలు బ్యాగు కూడా కొనేశాను. రివాల్వర్ ఇంకా కొనకముందే!

ఆ ఆదివారం మా అమ్మాయి పిల్లని తీసుకుని వచ్చింది. మనవరాలికి మూడేళ్ళు. రాగానే అలవాటు ప్రకారం, "అమ్మమ్మా, బ్యాగ్‌లో ఏముంది?" అంటూ పరుగెత్తింది. నేను ఎప్పుడూ దానికోసం బ్యాగులో చాక్లెట్ దాచిపెడతాను. పులిహోరకి తాలింపు వేస్తూ ఉన్నాను. ఇంగువ వేసి వెనక్కి తిరిగేసరికి, అది నేల మీద కూర్చుని కొత్త బ్యాగు ముందేసుకుని, ఆ ప్రత్యేకమైన అర జిప్పు తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతోంది. అందులో ఏమీ లేదు. ఖాళీ. అయినా నా గుండె ఆగినంత పనైంది. తాలింపు మాడిపోయింది. మా అమ్మాయి బ్యాగు వైపు చూసింది, నా వైపు చూసింది. "అమ్మా, ఇది దేనికోసం కొన్నావు?" అంది. చెప్పాను. అది నన్నొక్క మాట అనలేదు. "సరే అమ్మా, పాప లోపల ఉన్నప్పుడు ఎలా చేస్తావో నువ్వే ఆలోచించు" అని పిల్లని ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ సంగతి టీచరమ్మకి చెబితే ఒక పాత వార్త చెప్పింది. 2014 డిసెంబరు 30న, ఐడహో రాష్ట్రంలో హేడెన్ అనే ఊళ్ళో ఒక తల్లి రెండేళ్ళ కొడుకుతో సామాన్లు కొనడానికి వెళ్ళింది. బ్యాగులో, తుపాకి కోసమే కుట్టిన జిప్పు అరలో పిస్టల్ ఉంది. పిల్లవాడు అందులో చెయ్యి పెట్టాడు. అది పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. తుపాకులంటే భయమూ, అజ్ఞానమూ ఉన్న మనిషి కాదావిడ. అలవాటున్న మనిషే, లైసెన్సున్న మనిషే. ఒక్క నిమిషం బ్యాగు మీద ధ్యాస తప్పింది, అంతే.

బ్యాగు మనకి ఒంటి మీది బట్ట కాదు కదండీ. కుర్చీకి తగిలిస్తాం, తోపుడు బండిలో పడేస్తాం, స్నేహితురాలికి "కాస్త పట్టుకో" అని ఇస్తాం. దొంగ ముందు లాక్కునేదీ దాన్నే. విమానాశ్రయాల్లో 2023లో ఇక్కడి తనిఖీవాళ్ళు ప్రయాణికుల చేతి సామాన్లలో 6,737 తుపాకులు పట్టుకున్నారు. నూటికి తొంభైకి పైగా తూటాలతో ఉన్నవే. ఇంట్లో అందరూ మర్చిపోయినవే అయ్యుంటాయి కదా! తాళాలు ఎక్కడ పెట్టానో రోజూ వెతుక్కునే నేను, నా బ్యాగుని ఎలా నమ్మను? కొన్న బ్యాగు తిరిగి ఇచ్చేశాను.

చివరికి ఉక్కు రివాల్వరే తీసుకున్నాను, సుత్తి లోపల దాగి ఉన్నది. నల్లటి మామూలు పిడి. కుర్తా కింద నడుముకి చుట్టుకునే వెడల్పాటి పట్టీ, దానికి ట్రిగ్గర్ కప్పే గట్టి ఒర. తూటాలతో కలిపి 700 గ్రాములు. మొదటి వారం నడుం పట్టేసింది, తర్వాత అలవాటైంది. కొట్టు నుంచి ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోక ముందే మంచం పక్కన గోడకి బిగించిన తాళం పెట్టెలోకి పోతుంది. తాళం అంకెలు మా ఇద్దరికే తెలుసు. మనవరాలు ఇంట్లో ఉన్నన్ని రోజులూ అది పెట్టె దాటి బయటికి రాదు. టెక్సస్ చట్టం ప్రకారం 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా తూటాలున్న తుపాకి వదిలెయ్యడం కూడా నేరమే. చట్టం లేకపోయినా నా గుండె ఒప్పుకోదనుకోండి.

ఇంకో మాట కూడా పెద్దదానిగా చెప్పాలి. 2021లో అమెరికాలో తుపాకితో పోయినవాళ్ళు 48,830 మంది. అందులో 26,328 మంది ఆత్మహత్యలు చేసుకున్నవాళ్ళే. అంటే ఇంట్లో ఎవరికన్నా మనసు కుంగిపోయి ఉంటే, ఎదిగిన పిల్లలు ముభావంగా ఉంటుంటే, దొంగ భయం కంటే ఇంట్లో ఉన్న తుపాకి భయమే పెద్దది. అలాంటప్పుడు కొనకపోవడమే కొనుగోలు.

మొన్న విజయవాడ నుంచి మా చెల్లెలు ఫోనులో, "అక్కా, మన దగ్గర కూడా ఆడవాళ్ళకని ఒక రివాల్వర్ చేశారటగా?" అంది. నిజమే. కాన్పూరు ఆయుధ కర్మాగారం 2014లో 'నిర్భీక్' అనే పాయింట్ 32 రివాల్వర్ తెచ్చింది. బరువు 500 గ్రాముల పైచిలుకు, అప్పట్లో ధర లక్షా ఇరవై వేల పైన. కానీ మన దేశంలో ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉంటేనే కొనాలి. ఆ లైసెన్సుకి నీకు ప్రాణభయం ఉందని అధికారుల్ని ఒప్పించాలి. "నీకా అవసరం ఏమొచ్చిందే?" అన్నాను. "అవసరం లేదులే అక్కా, ఊరికే అడిగాను, బ్యాగులో పెట్టుకుంటే ధైర్యం కదా" అంది. మళ్ళీ బ్యాగే! గంటసేపు చెప్పాను.

వంట చేసే చేతులకి ఒక చిట్కా. తూటాల్లో సీసం ఉంటుంది. సాధన చేసి వచ్చాక సబ్బుతో, చల్లటి నీళ్ళతో చేతులూ ముఖమూ కడుక్కోకుండా అన్నం గిన్నె ముట్టుకోకండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. గర్భిణీలు ఆ గదుల వైపు వెళ్ళకపోవడమే మంచిది. రివాల్వర్ తుడిచిన గుడ్డ వంటింట్లోకి రానివ్వకండి. వారానికి రెండుసార్లు, తూటాలు వేరే గదిలో పెట్టి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గోడ వైపు ట్రిగ్గర్ లాగడం నాకిప్పుడు అలవాటు. మొన్న బిళ్ళ పదిసార్లూ పడలేదు!

మీరు అడగవచ్చు, ఆ రాత్రి నీ నడుముకి ఇది ఉండి ఉంటే ఏం చేసేదానివని. నేనూ టీచరమ్మని అడిగాను. "ఎదుటివాడి తుపాకి నీ మీద గురిపెట్టి ఉండగా నువ్వు తియ్యబోతే వాడి వేలే ముందు కదులుతుంది. నువ్వు చేసిందే సరైన పని. డబ్బిచ్చావు, బతికావు" అంది. తప్పించుకునే దారి ఏదీ లేనప్పుడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే అది. డబ్బు కోసం కాదు, కోపం కోసం అసలే కాదు. ఆ మాట విన్నాక మేమిద్దరం లెక్క వేసుకుని, కొట్టు తొమ్మిదింటికే కట్టెయ్యడం మొదలుపెట్టాం. కట్టేవేళకి పని కుర్రాడు తోడుంటాడు. బయట దీపాలు నాలుగు పెంచాం. గల్లాలో వంద డాలర్లకి మించి ఉంచం. ఆదాయం కొంచెం తగ్గింది, నిద్ర పెరిగింది. రివాల్వర్ కంటే ముందు చెయ్యాల్సిన పనులు ఇవేనని కొన్నాక తెలిసొచ్చింది.

నిన్న మళ్ళీ మనవరాలు వచ్చింది. "అమ్మమ్మా, బ్యాగ్‌లో ఏముంది?" అంది. పాత గుడ్డ బ్యాగు దాని ఒళ్ళో పెట్టేశాను. కళ్ళద్దాలు, జేబురుమాలు, కొట్టు తాళాలు, అడుగున ఒక చాక్లెట్. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుక్కుంది. ఈసారి తాలింపు మాడలేదు.